మీకు తెలుసా? ఒక్క సీటు ఖాళీ అయితే ఎన్ని వింతలో!

లోక్‌సభలో మొత్తం సీట్లు 543. అందులో ఒకటి ఖాళీ అయింది. ఏమవుతుంది? ఉప ఎన్నిక పెడతారు, అంతేగా అంటారా? ఆగండాగండి! ఆ ఒక్క సీటు చుట్టూ ఎన్ని విచిత్రాలు జరిగాయో చూడండి. కొన్ని మన నంద్యాలలో, మన కరీంనగర్‌లో, మన తిరుపతిలోనే జరిగాయి! చదివాక మీరే పదిమందికి చెబుతారు!

గడువు గమ్మత్తులు

ఎంపీ సీటు ఖాళీ అయితే ఎన్నాళ్ళలో నింపాలి? ఎప్పుడు వీలైతే అప్పుడా? కానే కాదు! ఖాళీ అయిన రోజు నుంచి 6 నెలల్లోగా ఉప ఎన్నిక జరిపి తీరాలి! ప్రజాప్రాతినిధ్య చట్టం అలాగే చెబుతోంది. సభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా, అనర్హత వేటు పడినా అదే లెక్క!

ఈ గడువు మొదటి నుంచీ ఉందనుకుంటున్నారా? లేదు! మొదటి లోక్‌సభ 1952లోనే వచ్చింది. ఆరు నెలల నియమం మాత్రం 1996లో చట్టంలోకి ఎక్కింది. అంటే 44 ఏళ్ళపాటు ఈ గడువు అనేదే లేదన్నమాట! నమ్మబుద్ధి కావడం లేదు కదూ!

ఇందులో మరో మెలిక ఉంది. ఆ సీటుకు మిగిలిన పదవీకాలం 1 ఏడాది కంటే తక్కువైతే ఉప ఎన్నిక పెట్టనక్కర్లేదు! సీటు ఖాళీగానే ఉండిపోవచ్చు. నియోజకవర్గంలో లక్షల మంది ఓటర్లుంటారు. ఢిల్లీలో వాళ్ళ తరఫున మాట్లాడే ఎంపీ మాత్రం ఉండరు!

ఈ మెలిక మన ఆంధ్రప్రదేశ్‌కే తగిలింది! ప్రత్యేక హోదా కోసం 2018లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు అయిదుగురు రాజీనామా చేశారు. జూన్ 20న సీట్లు ఖాళీ అయ్యాయి. ఆ లోక్‌సభ గడువు మరుసటి ఏడాది జూన్ 3తో సరి. ఏడాదికి తగ్గింది 17 రోజులే! అంతే, అయిదు చోట్లా ఉప ఎన్నికలు లేవు!

అదే సంవత్సరం పక్కనున్న కర్ణాటకలో ఏం జరిగిందో తెలుసా? అక్కడ 3 లోక్‌సభ సీట్లకు నవంబరులో ఉప ఎన్నికలు జరిగాయి! బళ్ళారి, శివమొగ్గ, మండ్య. అవి ఖాళీ అయింది మే నెలలో. అప్పటికి ఏడాది పైన కాస్త మిగిలి ఉంది. ఒక్క నెల తేడా! అక్కడ పోలింగు, ఇక్కడ ఖాళీ కుర్చీ!

పుణె కథ ఇంకా వింత! 2023 మార్చిలో ఎంపీ గిరీశ్ బాపట్ కన్నుమూశారు. ఉప ఎన్నిక రాలేదు. ఓ ఓటరు కోర్టుకెక్కారు. వెంటనే ఎన్నిక జరపండని డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది! పుణెకు మళ్ళీ ఎంపీ దొరికింది 2024 సాధారణ ఎన్నికల్లోనే!

ఆరు నెలలే గడువు కదా, మరి మూడేళ్ళు ఖాళీగా ఉన్న సీటు ఉందంటే నమ్ముతారా? ఉంది! కశ్మీర్‌లోని అనంతనాగ్! ముఖ్యమంత్రి అయిన మెహబూబా ముఫ్తీ 2016లో ఆ సీటు వదిలారు. పరిస్థితులు బాగాలేవని ఉప ఎన్నిక వాయిదా పడింది, ఆపైన రద్దే అయింది. 2019 సాధారణ ఎన్నికల దాకా అనంతనాగ్‌కు ఎంపీయే లేరు! ఎన్నిక జరపడం కష్టమని కేంద్రంతో సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరిస్తే గడువు దాటవచ్చు. చట్టంలోనే ఆ వెసులుబాటు ఉంది!

పక్కనే శ్రీనగర్‌లో మాత్రం 2017లో ఉప ఎన్నిక జరిగింది. ఎంతమంది ఓటేశారో చెప్పుకోండి చూద్దాం! నూటికి 7 మంది! అవును, ఏడు శాతమే! అయినా ఎన్నిక ఎన్నికే. అలా గెలిచిన ఫరూక్ అబ్దుల్లా లోక్‌సభలో కూర్చున్నారు!

నోటిఫికేషన్ వచ్చాక ప్రచారానికి ఎన్ని రోజులు? నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ చకచకా అయిపోతాయి. ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగుకు కనీసం 14 రోజులు ఉండాలి. అంతే! రెండు వారాల్లో లక్షల గడపలు తొక్కాలి. అభ్యర్థులు పరుగులు పెట్టేది అందుకే!

సీటు ఎలా ఖాళీ అవుతుందో చూడండి!

అనుమతి లేకుండా ఎంపీ 60 రోజులు సభకు రాకపోతే? ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు! రాజ్యాంగంలోనే ఉంది ఈ మాట! అయితే సభ వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. బడిలో హాజరుపట్టీ లాంటిదే పార్లమెంటులోనూ ఉందన్నమాట!

ఒకే మనిషి ఎమ్మెల్యేగానూ, ఎంపీగానూ గెలిస్తే ఏ సీటు పోతుంది? చిన్నదే పోతుందనుకుంటున్నారు కదూ? తప్పు! 14 రోజుల్లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయకపోతే ఎంపీ సీటే ఎగిరిపోతుంది! ఢిల్లీ పోయి అసెంబ్లీ మిగులుతుంది. గెలిచిన ఆనందంలో క్యాలెండరు మరిస్తే అంతే సంగతులు!

రాజ్యసభ సభ్యుడు లోక్‌సభకు పోటీ చేసి గెలిచాడనుకోండి. రాజీనామా లేఖ రాయాలా? అక్కర్లేదు! గెలిచిన రోజే రాజ్యసభ సీటు దానంతటదే ఖాళీ అవుతుంది! ప్రజాప్రాతినిధ్య చట్టం 69వ సెక్షన్ మహిమ అది!

రాజీనామా లేఖలో కారణం రాయవచ్చా? రాయకూడదు! లోక్‌సభ నియమావళి 240వ నియమం అలాగే చెబుతోంది. ఫలానా తేదీ నుంచి నా సీటుకు రాజీనామా చేస్తున్నాను అంటే చాలు. ఎంత ఆవేశంతో పేజీలకు పేజీలు రాసినా ఆ కారణాలను సభలో చదవరు!

లేఖ ఇచ్చిన మరుక్షణమే సీటు ఖాళీ అవుతుందా? కాదు! ఎంపీ ఇష్టపూర్వకంగానే ఇచ్చారా, లేఖ అసలైనదేనా అని స్పీకర్ తేల్చుకోవాలి. అనుమానం వస్తే ఆమోదించకపోవచ్చు! 1974లో 33వ రాజ్యాంగ సవరణతో వచ్చిన రక్షణ ఇది. ఎవరో బెదిరించి సంతకం పెట్టిస్తే చెల్లదన్నమాట!

ఒక మనిషి ఎన్ని చోట్ల నిలబడవచ్చు? ఇప్పుడు 2 చోట్లే. 1996కు ముందు ఈ హద్దు లేదు! వాజ్‌పేయి 1957లో లక్నో, మథుర, బలరాంపూర్ మూడింట్లో లోక్‌సభకు పోటీ చేశారు. గెలిచింది బలరాంపూర్‌లోనే. మథురలోనైతే డిపాజిట్ కూడా పోయింది! ఆ తర్వాత ఆయనే దేశ ప్రధాని!

అన్నగారి సంగతి ఇంకో ఎత్తు! 1985 అసెంబ్లీ ఎన్నికల్లో ఎన్టీఆర్ 3 చోట్ల నిలబడ్డారు. గుడివాడ, హిందూపురం, నల్గొండ. కోస్తా, రాయలసీమ, తెలంగాణ! మూడింటా గెలిచారు! హిందూపురం ఉంచుకున్నారు, మిగతా రెండూ వదిలేశారు!

సీటు వదులుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళినవారు ఎవరో తెలుసా? మన నీలం సంజీవరెడ్డి! 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ సీట్లలో జనతా పార్టీకి దక్కింది ఒకే ఒక్కటి. అది ఆయన గెలిచిన నంద్యాల! ఆ ఒక్కరే ముందు స్పీకర్ అయ్యారు, కొద్ది నెలల్లోనే రాష్ట్రపతి అయ్యారు! రాష్ట్రపతి ఏ సభలోనూ సభ్యుడుగా ఉండకూడదు. నంద్యాల ఖాళీ!

ప్రకటించిన ఉప ఎన్నిక మాయమైపోయిన వింత విన్నారా? లక్షద్వీప్‌లో జరిగింది! ఓ కేసులో శిక్ష పడి అక్కడి ఎంపీ అనర్హుడయ్యారు. 2023 జనవరి 18న ఉప ఎన్నిక ప్రకటించారు. ఈలోగా కేరళ హైకోర్టు ఆ శిక్షను నిలిపేసింది. ప్రకటించిన 12 రోజులకే ఎన్నిక ఆపేశారు! సీటు పాత ఎంపీకే తిరిగొచ్చింది!

ఉప ఎన్నికే మలుపు తిప్పింది!

ప్రధానమంత్రి అయ్యాక లోక్‌సభకు పోటీ చేసిన తెలుగువాడు ఎవరు? పీవీ నరసింహారావు! 1991 జూన్‌లో ప్రమాణం చేసే నాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆరు నెలల్లో పార్లమెంటుకు ఎన్నిక కావాలి. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీకే దిగలేదు! మెజారిటీ ఎంతో తెలుసా? దాదాపు 5.8 లక్షలు!

1977లో ఇందిరాగాంధీ రాయబరేలీలో ఓడిపోయారు. ఇక ఆమె పని అయిపోయిందన్నారు అందరూ! మరుసటి ఏడాదే కర్ణాటకలోని చిక్కమగళూరులో ఉప ఎన్నిక వచ్చింది. 77 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు! నవంబరులో గెలిస్తే డిసెంబరులో సభ నుంచి బహిష్కరించారు! మళ్ళీ సీటు ఖాళీ! ఇంత వేగంగా తిరిగిన చక్రం ఇంకెక్కడ చూస్తాం!

1980లో ఇందిర రెండు చోట్ల గెలిచారు. రాయబరేలీ ఒకటి, మన మెదక్ ఒకటి. ఏది ఉంచుకున్నారు? మెదక్! అవునండీ, నెహ్రూ కుటుంబపు కంచుకోట రాయబరేలీని వదిలేసి మన మెదక్‌నే ఎంచుకున్నారు! రాయబరేలీలో ఉప ఎన్నిక పెట్టాల్సి వచ్చింది!

రాజీవ్‌గాంధీ రాజకీయాల్లోకి వచ్చిందీ ఉప ఎన్నికతోనే! తమ్ముడు సంజయ్ విమాన ప్రమాదంలో మరణించడంతో అమేఠీ ఖాళీ అయింది. 1981లో విమానాలు నడిపే చేతులతో నామినేషన్ వేశారు. రెండు లక్షలకు పైగా మెజారిటీ! ఆ తర్వాత మూడేళ్ళకే ప్రధాని!

సినీ తార ఖాళీ చేసిన సీటు ఒక ప్రధానిని తయారుచేసింది! అమితాబ్ బచ్చన్ 1987లో అలహాబాద్ ఎంపీ పదవికి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది ఉప ఎన్నికలో వీపీ సింగ్ లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆయనే ప్రధానమంత్రి!

1963లో మూడు ఉప ఎన్నికలు నెహ్రూ ప్రభుత్వానికే చెమటలు పట్టించాయి! అమ్రోహాలో కృపలానీ, ఫరూఖాబాద్‌లో లోహియా, రాజ్‌కోట్‌లో మసానీ గెలిచారు. ముగ్గురూ ముగ్గురే! ఆ ఆగస్టులోనే కృపలానీ దేశ చరిత్రలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలంగా పడినవి 62 ఓట్లే. అయితేనేం, కొత్త సంప్రదాయానికి తలుపు తెరుచుకుంది!

నెహ్రూ కన్నుమూశాక ఆయన సీటు ఫూల్పూర్‌లో ఎవరు గెలిచారు? సొంత చెల్లెలు! విజయలక్ష్మీ పండిట్ 1964 ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. అంతకుముందే ఆమె ఐక్యరాజ్యసమితి సర్వసభకు అధ్యక్షత వహించిన తొలి మహిళ! అంతటి పదవి చూసి వచ్చి పల్లెల్లో ఓటు అడిగారు!

రాజ్యాంగ శిల్పి అంబేడ్కర్ ఉప ఎన్నికలో ఓడిపోయారంటే నమ్ముతారా? నిజమే! 1952 సాధారణ ఎన్నికల్లో బొంబాయిలో ఓడారు. 1954లో మహారాష్ట్రలోని భండారా ఉప ఎన్నికలో మళ్ళీ నిలబడ్డారు. అక్కడా ఓటమే! లోక్‌సభకు ఒక్కసారి కూడా ఆయన ఎన్నిక కాలేదు!

పార్టీ లేదు, సొంత రాష్ట్రం కాదు! అయినా లక్షకు పైగా మెజారిటీ! ఎవరా మొనగాడు? మాజీ రక్షణమంత్రి వీకే కృష్ణమీనన్. కేరళలో పుట్టిన ఆయన 1969లో బెంగాల్‌లోని మిడ్నాపూర్ ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడి గెలిచారు!

విద్యార్థి నాయకుడు నేరుగా లోక్‌సభకు! ఎమర్జెన్సీకి కాస్త ముందు జబల్పూర్‌లో ఉప ఎన్నిక. కాంగ్రెస్‌ను ఢీకొట్టి శరద్ యాదవ్ గెలిచారు. అప్పటికి ఆయన వయసెంతో తెలుసా? 27! ఆ ఒక్క గెలుపుతో దేశమంతా ఆయన పేరు మోగిపోయింది!

రైతు నేత ఎన్జీ రంగాను లోక్‌సభకు పంపింది ఏ ఊరు? గుంటూరు జిల్లా అనుకుంటున్నారా? 1962లో తెనాలిలో ఆయన ఓడిపోయారు! అదే ఏడాది చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్ళారు. ఉప ఎన్నికలో రంగా గెలిచారు. ఓడిన ఏడాదే గెలుపు!

మన గడ్డ మీద!

పార్టీ వయసు రెండు నెలలు. మెజారిటీ 5.45 లక్షలు! 2011 మేలో కడప ఉప ఎన్నికలో వైఎస్ జగన్ సాధించిన గెలుపు అది! అదే రోజు పక్కనే పులివెందుల అసెంబ్లీ ఉప ఎన్నిక. అక్కడ గెలిచింది తల్లి విజయమ్మ! కొడుకు లోక్‌సభకు, తల్లి అసెంబ్లీకి. ఒకే రోజు!

ఒకే రోజు ఎన్ని ఉప ఎన్నికలు జరగగలవు? 2012 జూన్ 12న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా 19! నెల్లూరు లోక్‌సభ ఒకటి, అసెంబ్లీ సీట్లు పద్దెనిమిది! ఉప ఎన్నికలంటే చిన్నవి అనేవాళ్ళకు ఇదే జవాబు!

కరీంనగర్ రెండుసార్లు దేశాన్ని తనవైపు తిప్పుకుంది! తెలంగాణ కోసం కేసీఆర్ రాజీనామా చేసి 2006లో మళ్ళీ నిలబడ్డారు. మెజారిటీ 2 లక్షలు దాటింది! ఏడాదిన్నరకే మళ్ళీ రాజీనామా, మళ్ళీ ఉప ఎన్నిక. అదే సీటు, అదే మనిషి! ఈసారి గెలుపు 15 వేల చిల్లరతోనే! ఓటరు మనసు ఎంత త్వరగా కదులుతుందో చూశారా!

2008లో ఆ రాజీనామాలు గుంపుగా జరిగాయి. టీఆర్ఎస్ ఎంపీలు 4 చోట్ల ఒకేసారి సీట్లు ఖాళీ చేశారు! కరీంనగర్, హనుమకొండ నిలిచాయి. ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు, వరంగల్ తెలుగుదేశానికి వెళ్ళిపోయాయి. సగం నిలిచాయి, సగం పోయాయి! రాజీనామా ఎంత పెద్ద పందెమో తెలిసిందా!

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే మెదక్‌లో ఉప ఎన్నిక! 2014లో కేసీఆర్ గజ్వేల్ ఎమ్మెల్యేగా, మెదక్ ఎంపీగా గెలిచారు. ముఖ్యమంత్రి కాబట్టి మెదక్ వదిలారు. సెప్టెంబరు ఉప ఎన్నికలో కొత్త ప్రభాకర్‌రెడ్డి 3.61 లక్షల మెజారిటీతో గెలిచారు!

మరుసటి ఏడాది వరంగల్ దాన్నీ మించిపోయింది! ఎంపీగా ఉన్న కడియం శ్రీహరి ఉపముఖ్యమంత్రి అయ్యారు. సీటు ఖాళీ. 2015 నవంబరులో పసునూరి దయాకర్ మెజారిటీ 4.59 లక్షలు!

కరోనా రోజుల్లో తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు కన్నుమూశారు. ఏడు నెలలకు, 2021 ఏప్రిల్‌లో ఉప ఎన్నిక జరిగింది. ఎవరు గెలిచారో తెలుసా? ఓ ఫిజియోథెరపిస్టు! డాక్టర్ గురుమూర్తికి అదే మొదటి ఎన్నిక. ఎదుట కేంద్ర మాజీ మంత్రి పనబాక లక్ష్మి! మెజారిటీ 2.71 లక్షలు!

అంకెల గారడీ!

ఉప ఎన్నికల మెజారిటీలో పీవీ నంద్యాల రికార్డును బద్దలు కొట్టింది ఎవరు? మహారాష్ట్రలోని బీడ్‌లో ప్రీతమ్ ముండే! తండ్రి గోపీనాథ్ ముండే కేంద్రమంత్రి అయిన కొద్ది రోజులకే రోడ్డు ప్రమాదంలో మరణించారు. 2014 అక్టోబరు ఉప ఎన్నికలో కూతురు నిలబడ్డారు. మెజారిటీ 6.96 లక్షలు! కొన్ని నియోజకవర్గాల్లో పోలయ్యే ఓట్లే అన్ని ఉండవు!

రాజీనామా చేసి, అదే సీటుకు మళ్ళీ నిలబడి గెలవచ్చా? భేషుగ్గా! లాభదాయక పదవి వివాదంలో సోనియాగాంధీ 2006 మార్చిలో రాయబరేలీ వదిలారు. మే నెలలో అక్కడే పోటీ చేశారు. 4.17 లక్షల మెజారిటీతో అదే కుర్చీలో కూర్చున్నారు!

వయనాడ్‌లో అన్న వదిలిన సీటులో చెల్లెలు నిలబడింది. అదే ఏడాది అన్నకు వచ్చిన మెజారిటీనే మించిపోయింది! 2024 నవంబరులో ప్రియాంకగాంధీ మెజారిటీ 4.1 లక్షలు. ఆమె జీవితంలో అదే మొదటి పోటీ!

అదే రోజు మహారాష్ట్రలోని నాందేడ్ ఉప ఎన్నిక లెక్కింపు కూడా జరిగింది. అక్కడా కాంగ్రెస్సే గెలిచింది. మెజారిటీ ఎంతో తెలుసా? 1,457! అవును, వేలల్లో ఒకటే! రెండు చోట్లా ఒకే పార్టీ, ఒకే రోజు. ఒకచోట సముద్రమంత, మరోచోట గుక్కెడంత!

కంచుకోటలు కూలేదీ ఉప ఎన్నికల్లోనే! గోరఖ్‌పూర్‌లో యోగి ఆదిత్యనాథ్ వరుసగా అయిదుసార్లు గెలిచారు. ముఖ్యమంత్రి అయి సీటు వదిలారు. 2018 ఉప ఎన్నికలో ఆ సీటును సమాజ్‌వాదీ పార్టీ 21 వేల పైచిలుకు మెజారిటీతో ఎగరేసుకుపోయింది!

పంజాబ్ మరీ చిత్రం! 2022 మార్చిలో ఆమ్ ఆద్మీ పార్టీ అసెంబ్లీని ఊడ్చేసింది. భగవంత్ మాన్ ముఖ్యమంత్రి అయ్యారు. మూడే మూడు నెలలకు ఆయన వదిలిన సంగ్రూర్‌లో ఉప ఎన్నిక. ఆ పార్టీ ఓడిపోయింది! తేడా 5,822 ఓట్లు. అప్పటికి లోక్‌సభలో ఆ పార్టీకి ఉన్న ఏకైక సీటు అదే!

ఒక్క మనిషి, 3 ఉప ఎన్నికలు, మూడు రకాల ఫలితాలు! డింపుల్ యాదవ్ ఫిరోజాబాద్‌లో నటుడు రాజ్ బబ్బర్ చేతిలో ఓడారు. కన్నౌజ్‌లో పోటీయే లేకుండా ఏకగ్రీవంగా గెలిచారు. మైన్‌పురిలో భారీ మెజారిటీతో నెగ్గారు. ఓటమి, ఏకగ్రీవం, ఘనవిజయం! మూడూ ఉప ఎన్నికల్లోనే!

మహారాష్ట్ర బయట శివసేనకు మొట్టమొదటి ఎంపీని ఇచ్చింది ఏ ఊరు? దాద్రా నగర్ హవేలీ! 2021 ఉప ఎన్నికలో కళాబెన్ దేల్కర్ 51 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. పార్టీ పుట్టిన అర్ధశతాబ్దం తర్వాత ఈ ముచ్చట!

రాజ్యసభలో మరో లోకం!

రాజ్యసభ ఉప ఎన్నికలో మీరూ నేనూ ఓటెయ్యం. ఎమ్మెల్యేలు వేస్తారు! ఇందులో ఒక గమ్మత్తుంది. గుజరాత్‌లో 2019లో అమిత్ షా, స్మృతి ఇరానీ లోక్‌సభకు వెళ్ళడంతో 2 సీట్లు ఖాళీ అయ్యాయి. కలిపి ఎన్నిక పెడితే ప్రతిపక్షానికి ఒకటి దక్కే వీలుంది. కానీ ఏ ఖాళీకి ఆ ఎన్నిక విడిగా జరపాలి! రెండూ అధికార పార్టీకే వెళ్ళాయి!

సీటు వదిలి, పార్టీ మారి, అదే సీటులోకి! 2024లో ఆంధ్రప్రదేశ్ నుంచి 3 రాజ్యసభ సీట్లు రాజీనామాలతో ఖాళీ అయ్యాయి. డిసెంబరు ఉప ఎన్నికలో బీద మస్తాన్‌రావు, ఆర్. కృష్ణయ్య మళ్ళీ వచ్చారు. ఒకరు తెలుగుదేశం తరఫున, మరొకరు బీజేపీ తరఫున! అంతా ఏకగ్రీవం!

రాజ్యసభ అంటే ఆరేళ్ళు అనుకుంటాం కదూ? ఉప ఎన్నికలో గెలిస్తే అన్నేళ్ళు రావు! తెలంగాణలో కె. కేశవరావు వదిలిన సీటుకు 2024 ఆగస్టులో అభిషేక్ మను సింఘ్వీ ఏకగ్రీవమయ్యారు. దక్కిన కాలం 20 నెలల లోపే! పాతవారి మిగులే కొత్తవారి వాటా! లోక్‌సభ ఉప ఎన్నికల్లోనూ ఇదే లెక్క!

ఇవి కూడా వినండి!

ఓటేశాక ఏడు సెకన్లు కనిపించే చీటీ చూశారుగా? ఆ వీవీప్యాట్ యంత్రం ఎక్కడ మొదలైందో తెలుసా? ఒక ఉప ఎన్నికలో! నాగాలాండ్‌లోని నోక్సెన్ అసెంబ్లీ సీటు, 2013 సెప్టెంబరు. అక్కడున్నవి 21 పోలింగ్ కేంద్రాలే! ఇప్పుడు దేశమంతటా అదే యంత్రం!

ఎంపీ ఉప ఎన్నికకు డిపాజిట్ ఎంత? 25,000 రూపాయలు! ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగమే. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు గల్లంతు! సాధారణ ఎన్నికైనా, ఉప ఎన్నికైనా తేడా ఏమీ లేదు!

గెలిచి వచ్చిన ఎంపీ ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే? జరిమానా! రోజుకు 500 రూపాయలు! రాజ్యాంగం రాసినప్పుడు పెట్టిన అంకె అది. ఇప్పటికీ మారలేదు!

ఓటరుగా చేరడానికి ఏటా జనవరి 1 దాకా ఆగాలా? అక్కర్లేదు! ఇప్పుడు ఏడాదికి 4 తేదీలున్నాయి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు! వీటిలో ఏ రోజుకు పద్దెనిమిదేళ్ళు నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. ఉప ఎన్నిక చెప్పి రాదు కదా, ముందే సిద్ధంగా ఉండండి!

చివరగా ఒక్క మాట! సాధారణ ఎన్నికల్లో దేశమంతా ఓటేస్తుంది. ఉప ఎన్నికలో దేశమంతా మీ ఊరివైపే చూస్తుంది! ఇందిరను నిలబెట్టింది, పీవీని పార్లమెంటుకు పంపింది, కంచుకోటలు కూల్చింది అలాంటి ఒక్కో నియోజకవర్గమే! మీ పేరు జాబితాలో ఉందో లేదో 1950 నంబరుకు ఫోన్ చేసి ఈ రోజే కనుక్కోండి. మీ దగ్గర ఉప ఎన్నిక వస్తే తప్పకుండా వెళ్ళి ఓటెయ్యండి!